తొలగని ఫైళ్ళు: కంప్యూటరు చెత్తబుట్ట చరిత్ర

ఒక ఉన్నత పాఠశాలలో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఒకటి ఉన్నదనుకొందాము. అరచేతిలో ఇమిడే పెట్టె. దానిని ఒకనాడు ఆఫీసు గదిలోని విండోస్ కంప్యూటరుకు, మరొకనాడు కంప్యూటరు గదిలోని లైనక్స్ యంత్రానికి, ఇంకొకనాడు ఎవరో ఉపాధ్యాయుని మాకింటోష్‌కు తగిలిస్తూ ఉంటారు. పాఠాల వీడియోలు, పరీక్షల మార్కులు, వార్షికోత్సవపు ఫొటోలు అన్నీ అందులోనే. కొంతకాలానికి డిస్కు నిండింది. లైనక్స్ యంత్రము మీద పాత వీడియోలను ఏరి చెత్తబుట్టలో వేశారు. చోటు పెరగలేదు. మధ్యలో డిస్కు విండోస్‌కు వెళ్ళి వచ్చింది. మరునాడు లైనక్స్‌లో బుట్టను ఖాళీ చేయబోతే, "ఈ డిస్కు చదువుటకు మాత్రమే" అన్న జవాబు వచ్చింది. విండోస్‌కు తగిలిస్తే అక్కడి బుట్ట ఖాళీగానే కనిపించింది. ఎన్నడూ ఎవరూ తయారుచేయని ఒక వింత ఫోల్డరు మాత్రము కంటబడింది. మాకింటోష్‌లో ఫైళ్ళన్నీ కనబడ్డాయి గాని ఒక్కటికూడ కదలలేదు.

ఇట్టి సందర్భములో విసిగిపోయి డిస్కునంతటిని ఫార్మాట్ చేసి, ఉంచుకోదలచినవాటినికూడ పోగొట్టుకొనేవారు ఉంటారు. పది సంవత్సరాల ఫొటోలు పోవటానికి ఒక్క మీట చాలు.

చూడటానికి ఇది యంత్రపు మొండితనమువలె ఉంటుంది. కాని ఇందులో యంత్రదోషముకన్న చరిత్ర పాలు ఎక్కువ. ఫైలును తీసివేయుట అనగా ఏమి? తీసివేసే హక్కు ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు గత యాభై, అరవై ఏళ్ళలో వేరువేరు చోట్ల వేరువేరు మనుషులు తమ తమ అవసరాలకు తగిన జవాబులు చెప్పుకొన్నారు. ఎవరి యంత్రములో వారి జవాబు బాగానే నడిచింది. ఒక చోటినుండి మరొక చోటికి తిరిగే డిస్కు పుట్టిన తరువాతనే ఆ జవాబులు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి.

పేరు కొట్టివేత

పూర్వము ఊళ్ళో కరణముగారి దగ్గర, తెలంగాణలో ఐతే పట్వారీ దగ్గర, భూమి లెక్కల దస్తరము ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉన్నదో అందులో వ్రాసి ఉంటుంది. కరణము ఒక పేరు కొట్టివేసినంతమాత్రాన పొలములో పైరు ఎండిపోదు, గట్టు చెరిగిపోదు. మారినది కాగితము మాత్రమే. డిస్కులోకూడ ఇట్లాగే రెండు భాగాలు ఉన్నాయి. ఫైలులోని విషయము నిండిన గళ్ళు ఒకటి. ఏ పేరుగల ఫైలు ఏ గళ్ళలో ఉన్నదో చెప్పే పట్టిక రెండవది. గళ్ళన్నిటిని తుడవాలంటే చాలసేపు పడుతుంది. పట్టికలో పేరు కొట్టివేయటము రెప్పపాటు పని. కాబట్టి తొలినాటినుండి కంప్యూటర్లలో తీసివేత అంటే పేరు కొట్టివేతయే.

1974లో గారీ కిల్డాల్ సి.పి./ఎం. అనే ఆపరేటింగ్ సిస్టమును తయారుచేశాడు. కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణములో నౌకాదళ విద్యాసంస్థలో పాఠాలు చెప్పినవాడు. ఆనాటి ఫ్లాపీ డిస్కు 8 అంగుళాల వెడల్పు ఉండేది. ఐ.బి.ఎం. కంపెనీ ఏర్పరచిన కొలతల ప్రకారము దానిమీద 77 వలయాలు, వలయానికి 26 ఖండాలు, ఖండానికి 128 బైట్లు. గుణించి చూస్తే 2,56,256 బైట్లు. ఈనాటి సెల్‌ఫోనులో తీసిన ఫొటో ఒక్కటికూడ మామూలుగా అందులో పట్టదు.

ఈ డిస్కులు కర్మాగారమునుండి వచ్చేటప్పుడే ప్రతి బైటులోను ఒకే సంఖ్య నింపి ఉండేది. ఆ సంఖ్య 229. పదహారు ఆధారముగా లెక్కించే పద్ధతిలో దానిని ఇ5 అని వ్రాస్తారు. సి.పి./ఎం. పట్టికలో ఒక వరుస ఇ5తో మొదలైతే ఆ వరుస ఖాళీ అని అర్థము. ఇందులోని సౌలభ్యము గమనించదగినది. కొత్త డిస్కును సిద్ధము చేసే పనియే లేదు, పట్టిక ఎక్కడ చదివినా "ఖాళీ, ఖాళీ" అనే చెబుతుంది. ఉన్న ఫైలును తీసివేయాలంటే దాని వరుసలో మొదటి బైటును 229గా మార్చితే సరి. మిగిలిన వరుస, గళ్ళలోని విషయము, ఎక్కడివక్కడే ఉంటాయి.

1980లో సియాటిల్ నగరములో టిమ్ పాటర్సన్ వ్రాసిన ఆపరేటింగ్ సిస్టమును మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతోపాటు అది డాస్ పేరున లోకములోకి వచ్చింది. ఇ5 గుర్తుకూడ దానితో వచ్చింది. ఐతే డాస్ పట్టికలో వరుస మొదటి బైటు ఫైలు పేరులోని మొదటి అక్షరము. కనుక ఫైలును తీసివేస్తే పోయేది పేరులో తొలి అక్షరము, దానితోపాటు ముక్కల వరుసను చెప్పే గొలుసు. 1982లో పీటర్ నార్టన్ ఇట్లా పోయిన ఫైళ్ళను తిరిగి తెచ్చే ప్రోగ్రామును అమ్మకానికి పెట్టాడు. మైక్రోసాఫ్ట్‌కూడ 1991లో డాస్ 5వ కూర్పులో అట్టిదే చేర్చింది. ఆ పనిముట్లు వాడుకరిని అడిగే ప్రశ్న ఒకటే: పేరులో మొదటి అక్షరము ఏది?

జపానువారికి ఈ ఇ5తో ఒక చిక్కు వచ్చిపడింది. వారి లిపిలో కొన్ని అక్షరాలు ఇ5 బైటుతోనే మొదలవుతాయి. అట్టి అక్షరముతో మొదలయ్యే పేరు పెడితే ఫైలు పుట్టీ పుట్టకముందే తొలగించినదానికింద లెక్క. అందుకని అట్టి చోట ఇ5కు బదులు 05 వ్రాయాలని ఒక మినహాయింపు పెట్టవలసివచ్చింది. ఆ మినహాయింపు ఫ్యాట్ పద్ధతిలో ఈనాటికీ ఉన్నది.

పేరు మాత్రమే పోతుందన్న సంగతి తెలియక నష్టపోయినవారు తక్కువ కారు. అమెరికాలో మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థకు చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షేలత్ అనే ఇద్దరు విద్యార్థులు 2000 నుండి 2002 వరకు పాత హార్డ్ డిస్కులను 158 కొన్నారు. వాటిలో 129 పనిచేశాయి. పనిచేసినవాటిలో 69 డిస్కులలో ఫైళ్ళు తిరిగి తేదగిన స్థితిలో ఉన్నాయి. 49 డిస్కులలో మనుషుల సొంత విషయాలు, జబ్బుల వివరాలు, క్రెడిట్ కార్డు నంబర్లు ఉన్నాయి. సరిగా తుడిచినవి 12 మాత్రమే. 2003లో వారు ఈ లెక్కలు ప్రకటించారు. పోవాలనుకొన్నది పోకపోవటము ఒక చిక్కు ఐతే, పోయిందనుకొన్నది మిగిలిఉండటము అంతకన్న పెద్ద చిక్కు.

హక్కు ఎవరిది?

కిల్డాల్ ఫ్లాపీకి యజమాని అన్న ప్రశ్న లేదు. యంత్రము ముందు కూర్చున్నవాడే యజమాని. పెద్ద యంత్రాల లోకములో సంగతి వేరు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే సిస్టమును ప్రారంభించారు. అక్కడ ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొంటారు. కాబట్టి ప్రతి మనిషికి ఒక సంఖ్య, ప్రతి ఫైలుమీద దాని యజమాని సంఖ్య.

యూనిక్స్‌లో ఫైలు వేరు, దాని పేరు వేరు. ఫైలుకు ఒక క్రమసంఖ్య ఉంటుంది. పేరు అనేది ఫోల్డరులో ఆ క్రమసంఖ్యను చూపే ఒక వరుస మాత్రమే. ఒకే ఫైలుకు రెండు మూడు పేర్లు ఉండవచ్చును. అందుచేతనే ఆ సిస్టము రచయితలు తీసివేతకు పెట్టిన పేరుకు "ముడి విప్పుట" అని అర్థము. చివరి ముడి విడిపోయి, ఆ ఫైలును తెరచి ఉంచిన ప్రోగ్రాముకూడ దానిని వదలినప్పుడు గాని ఆ చోటు ఖాళీ కాదు. ఇంకొక విశేషము: పేరు కొట్టివేయాలంటే కావలసినది ఆ ఫైలుమీద హక్కు కాదు, పేరు వ్రాసిఉన్న ఫోల్డరుమీద వ్రాతహక్కు. దస్తరము ఎవరి చేతిలో ఉంటే కొట్టివేత వారిది! ఇది అందరూ వాడే ఫోల్డర్లలో తగవులకు దారితీసింది. ఒకరి ఫైళ్ళను మరొకరు తీసివేయవచ్చును కదా. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము విడుదల చేసిన 4.3 బి.ఎస్.డి. యూనిక్స్‌లో దీనికి అడ్డుకట్ట వేశారు. ఒక గుర్తు పెట్టిన ఫోల్డరులో ఎవరి ఫైళ్ళను వారే తీయాలి. మాకింటోష్‌లో ఎక్స్‌టర్నల్ డిస్కు చెత్తబుట్టకు కాపలా ఉన్నది ఈ గుర్తే.

యూనిక్స్‌నుండి వచ్చిన మరొక వారసత్వము దాపరికము. చుక్కతో మొదలయ్యే పేర్లు అక్కడ మామూలుగా కనబడవు. ఇది ఎవరో ఆలోచించి చేసిన ఏర్పాటు కాదని, బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రాబ్ పైక్ 2012లో వివరించాడు. ప్రతి ఫోల్డరులోను ఒక చుక్క, రెండు చుక్కలు అని రెండు సాంకేతికమైన వరుసలు ఉంటాయి. జాబితాలో అవి కనబడకుండా చేయటానికి, పేరులో మొదటి అక్షరము చుక్క అవునా కాదా అని మాత్రము చూచి ఊరుకొన్నారు. ఆ అడ్డదారి వలన చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ మరుగుపడ్డాయి. ఆ మరుగులోనే తరువాతి కాలములో చెత్తబుట్టలు చేరాయి.

బుట్ట వచ్చింది

తెరమీద చెత్తబుట్ట బొమ్మ మార్కెట్టులోకి 1983 జనవరిలో యాపిల్ కంపెనీ లీసా కంప్యూటరుతో వచ్చింది. మరుసటి ఏడు జనవరిలో మాకింటోష్ వచ్చింది. (ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు రద్దయినది ఆ 1984 జనవరిలోనే. దస్తరాలతో పని మాత్రము తీరలేదు.) బుట్ట ఉద్దేశము మంచిదే. మనిషి పొరబడతాడు, పొరబాటు దిద్దుకోవటానికి వ్యవధి ఉండాలి. పేరు కొట్టివేయటానికి ముందు ఆ పేరును ఒక పక్కన పెట్టి ఉంచే చోటు అది.

తొలి మాకింటోష్‌లో ఆ వ్యవధి చాల కొద్ది. వేరొక ప్రోగ్రాము తెరచినా, డిస్కు బయటికి తీసినా బుట్ట తనంత తానే ఖాళీ అయ్యేది. 1991లో వచ్చిన సిస్టమ్ 7 నుండి మాత్రమే, ఖాళీ చేయమని చెప్పేదాకా చెత్త నిలిచి ఉండటము మొదలైంది. దీనికోసము డిస్కులోనే కనబడని ఫోల్డరు ఒకటి కావలసివచ్చింది.

ఇక్కడ ఒక నిర్ణయము జరిగింది. తెరమీద కనిపించే బుట్ట ఒకటే ఐనా, లోపల డిస్కుకొక బుట్ట. కారణము సులభమే. ఒక ఫైలును అదే డిస్కులో మరొక ఫోల్డరుకు మార్చటమంటే పేరును పట్టికలో ఒక చోటినుండి మరొక చోటికి వ్రాయటమే. వేరే డిస్కుకు మార్చాలంటే ఫైలునంతటిని నకలు చేయాలి. రెండు గంటల సినిమాను చెత్తలో వేయటానికి పదినిమిషాలు ఎవరు వేచి ఉంటారు? కాబట్టి ఏ డిస్కు చెత్త ఆ డిస్కులోనే ఉంటుంది. డిస్కును విప్పి తీసుకొనిపోతే దాని చెత్తకూడ దానివెంట పోతుంది.

ఈ బొమ్మమీద కోర్టు తగాదాకూడ జరిగింది. 1988లో యాపిల్ కంపెనీ మైక్రోసాఫ్ట్, హ్యూలెట్-పాకార్డ్ కంపెనీలమీద వేసిన దావాలో యాపిల్ వాదనలలో చాలభాగము వీగిపోయింది. రక్షణకు తగినవని మిగిలిన కొద్దివాటిలో హ్యూలెట్-పాకార్డ్ ప్రోగ్రాములోని చెత్తడబ్బా బొమ్మ ఒకటి. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95లో కనిపించినది చెత్తడబ్బా కాదు, "రీసైకిల్ బిన్". అదికూడ డిస్కుకొకటిగా దాగి ఉండే ఫోల్డరే. అందులో పడిన ఫైలుకు పాత పేరు తీసి వరుస నంబరుతో కొత్త పేరు పెడతారు. అసలు పేరు, అసలు చోటు ఒక లెక్కపుస్తకములో వ్రాస్తారు. పుస్తకము చెడితే బుట్టంతా అయోమయము. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టాలో ఆ ఒక్క పుస్తకాన్ని మాని, ప్రతి ఫైలుకు ఒక చిన్న చీటీ జతచేసే పద్ధతి పెట్టారు. లైనక్స్ వారిలో పలువురు కలసి 2004లో తమ బుట్టకు నియమాలు వ్రాసుకొన్నారు. వారి పద్ధతిలోకూడ ఫైలుకొక చీటీ. అందులో పాతచోటు, తీసివేసిన తేదీ.

ఇంతలో మైక్రోసాఫ్ట్‌లోకూడ హక్కుల ప్రశ్న వచ్చింది. 1993లో విండోస్ ఎన్.టి., దానితో ఎన్.టి.ఎఫ్.ఎస్. అనే డిస్కు పద్ధతి వచ్చాయి. యూనిక్స్‌లో మనిషి సంఖ్య చిన్నది, ఇక్కడ చాల పొడుగుపాటి సంఖ్య. విండోస్‌ను కొత్తగా నెలకొల్పిన ప్రతిసారి ఈ సంఖ్యలో ఒక భాగము కొత్తగా పుడుతుంది. కాబట్టి ఆఫీసు యంత్రములోని రాము, కంప్యూటరు గదిలోని రాము పేరుకు ఒకరే ఐనా, ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్కు దృష్టిలో ఇద్దరు. పాత యంత్రము పాడై కొత్తది కొంటే, పాత రాము ఫైళ్ళు ఎవరివో కొత్త యంత్రానికి తెలియదు. "అనుమతి లేదు" అన్న మాటకు తరచు కారణము ఇదే. యూనిక్స్ సంతతిలో చిక్కు దీనికి తలకిందులు. నేటి లైనక్స్ యంత్రాలలో ఎక్కువవాటిలో మొదటి మనిషి సంఖ్య 1000. 2001లో వచ్చిన మాక్ ఓ.ఎస్. పది నుండి మాకింటోష్‌లో 501. ప్రతి యంత్రములోను మొదటివాడు అదే సంఖ్య కావటముచేత, ముక్కుమొగము తెలియని మనిషి సొంతదారుగా చెల్లిపోవచ్చును. అదే యంత్రములో రెండవవాడు ఐతే పనికిరాడు.

మూడు దస్తరాలు, ఒక పెట్టె

యు.ఎస్.బి. ప్రమాణము 1996లో వచ్చింది. 2000లో వచ్చిన దాని రెండవ కూర్పు వేగము సెకనుకు 48 కోట్ల బిట్లు. ఆ తరువాతనే హార్డ్ డిస్కును జేబులో వేసుకొని తిరగటము సామాన్యమైంది. అంతవరకు హార్డ్ డిస్కు చాలవరకు ఒక యంత్రపు కడుపులో పుట్టి అక్కడే ముగిసేది. ఇప్పుడు మూడు యంత్రాలకు తగిలిన డిస్కులో మూడు బుట్టలు ఉండవచ్చు: డాలరు గుర్తుతో మొదలయ్యే "రీసైకిల్ బిన్" విండోస్‌ది, చుక్కతో మొదలయ్యే "ట్రాషెస్", లోపల 501, మాకింటోష్‌ది, చుక్కతో మొదలై "ట్రాష్-1000" అని ఉండేది లైనక్స్‌ది. ఎవరి బుట్టను వారే ఎరుగుదురు. ఒకరు "ఖాళీ" అన్నప్పుడు తమ బుట్ట సంగతే చెబుతున్నారు. కాబట్టి మొండి చెత్త కనబడినప్పుడు మొట్టమొదట అడగవలసినది ఫైలు ఏ యంత్రములో చెత్తలో పడిందని. తిరిగి ఆ యంత్రానికే తగిలించి అక్కడే ఖాళీ చేస్తే చాలవరకు తీరిపోతుంది.

తీరకపోతే రెండవది, డిస్కుమీద వ్రాసే హక్కు అసలు ఉన్నదా అని చూడాలి. మాకింటోష్ తనంతట తాను ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్కును చదువుతుంది గాని దానిమీద వ్రాయదు. తీసివేతకూడ వ్రాతయే కనుక అదీ జరగదు. లైనక్స్ కొన్నిసార్లు వ్రాయటానికి తానే వెనుదీస్తుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి, యంత్రాన్ని ఆపినప్పుడు అది పూర్తిగా ఆగక, మళ్ళీ త్వరగా లేవటానికి కొంత స్థితిని దాచుకొంటుంది. ఆ సమయములో తగిలిఉన్న డిస్కుకు సంబంధించిన లెక్క సగములో ఉండిపోతుంది. దానిని చూచిన లైనక్స్, మరొకరు తెరచి ఉంచిన దస్తరములో వ్రాయటము క్షేమము కాదని, చదువుటకు మాత్రమే ఒప్పుకొంటుంది. దీనిని మొండితనమనటము అన్యాయము.

మూడవది, తీగను హఠాత్తుగా లాగటము. వ్రాయవలసినవాటిని కంప్యూటరు కొంతసేపు తన జ్ఞాపకములో ఉంచుకొని తరువాత డిస్కుకు పంపుతుంది. మధ్యలో తీగ లాగితే పట్టికలో ఒక వరుస మారి, దానికి సంబంధించిన మరొకటి మారకుండా మిగులుతుంది. అప్పుడు ఫైలు పేరు ఉండి ఫైలు ఉండకపోవచ్చు. వర్తకులు ఆవర్జాకు ఎక్కించేముందు చిట్టాలో వ్రాసుకొన్నట్లు, ఎన్.టి.ఎఫ్.ఎస్. వంటి పద్ధతులు చేయబోయే మార్పును ముందు ఒక చిట్టాలో వ్రాసుకొని ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో యజమాని సంఖ్యలు లేవు కనుక మూడు యంత్రాలమధ్య తిప్పటానికి అనుకూలమే. కాని అందులో ఈ చిట్టా లేదు. ఇట్లా చెడిన పట్టికను విండోస్‌లో చెక్‌డిస్క్, మాకింటోష్‌లో డిస్క్ యుటిలిటీ వంటివి సవరిస్తాయి. ఐతే సవరణకు ముందే అవసరమైన ఫైళ్ళను మరొక డిస్కుకు నకలు చేసుకోవాలి. డిస్కులో టకటకమనే శబ్దము వినబడితే సవరణ జోలికి పోనేరాదు. చెడినది పట్టిక కాదు, యంత్రము.

నాలుగవది పేర్ల తగాదా. డాస్ కాలములో "కాన్", "ఆక్స్", "నల్" వంటివి తెర, తీగ మొదలైన పరికరాల పేర్లు. అవి ఫైళ్ళకు పెట్టరాదు. ప్రశ్నార్థకము, రెండు చుక్కల విరామచిహ్నముకూడ విండోస్‌లో నిషిద్ధాలు. లైనక్స్‌కు ఈ పట్టింపు లేదు. అక్కడ పెట్టిన అట్టి పేరుగల ఫైలు విండోస్‌కు వస్తే, కనబడుతుంది గాని మామూలు పద్ధతిలో తెరవబడదు, తొలగదు. ఫైలును ఏదైనా ప్రోగ్రాము తెరచి ఉంచినాకూడ విండోస్ సాధారణముగా తీసివేయనీయదు. దీనికి మందు కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టటమే.

మాకింటోష్‌వారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి 2007లో వచ్చిన "టైమ్ మెషీన్". గంటగంటకు డిస్కు నకలు తీసే ఏర్పాటు అది. మారని ఫైలును తిరిగి నకలు చేయక, ఉన్నదానికే మరొక పేరు తగిలిస్తుంది. యూనిక్స్ ముడుల పద్ధతిని ఫోల్డర్లకుకూడ విస్తరించింది. తెలివైన ఉపాయమే. కాని పాత నకలును చెత్తబుట్టలో వేస్తే లక్షలాది పేర్లు బుట్టలో పడతాయి. వాటిని ఎవరూ ముట్టకుండా పెట్టిన కాపలాకూడ వాటితోనే వస్తుంది. బుట్ట గంటలకొద్దీ లెక్కపెడుతూనే ఉండి చివరికి చేతకాదంటుంది. అట్టివాటిని టైమ్ మెషీన్ ద్వారానే తీయాలి. 2020లో వచ్చిన మాక్ ఓ.ఎస్. బిగ్ సర్ నుండి కొత్తగా మొదలుపెట్టిన నకళ్ళకు ఈ పద్ధతి మారింది.

ఇవన్నీ విఫలమైనప్పుడు చాలమంది చేపట్టేది బలప్రయోగము. యజమాని హక్కును అధికారి హోదాలో చేజిక్కించుకొని, యూనిక్స్‌లో "ఆర్ఎమ్" అనే ఆజ్ఞను నేరుగా టైపు చేయటము. ఆ ఆజ్ఞకు బుట్ట లేదు, వ్యవధి లేదు. దాని ప్రమాదము ఎంతటిదో 2001 నవంబరులో యాపిల్ కంపెనీకే తెలిసివచ్చింది. ఐట్యూన్స్ 2.0 ప్రోగ్రామును మాక్ ఓ.ఎస్. పదిలో నెలకొల్పేటప్పుడు, పాత కూర్పును తీసివేయటానికి ఈ ఆజ్ఞనే వాడారు. తీసివేయవలసిన చోటును కొటేషను గుర్తులమధ్య పెట్టలేదు. డిస్కు పేరులో ఖాళీ జాగా ఉంటే ఆజ్ఞ ఆ జాగా దగ్గర రెండుగా చీలిపోయింది. కొందరి డిస్కులలో పాత ఐట్యూన్స్‌కు బదులు సమస్తము తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీ ఆ కూర్పును వెంటనే ఉపసంహరించి 2.0.1 విడుదల చేసింది. ఆ ఆజ్ఞ వ్రాసినవారు ఆరితేరినవారు. మిగిలినవారు దానిని మొదటి మందుగా వాడకుండటము మేలు.

మొదట చెప్పిన పాఠశాల డిస్కు ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిది. మాకింటోష్‌లో ఏదీ కదలకపోవటానికి కారణము అదే. విండోస్‌లో కనిపించిన వింత ఫోల్డరు లైనక్స్‌వారి ట్రాష్-1000. చుక్క పెట్టి దాచే పద్ధతి విండోస్‌కు తెలియదు కనుక అది పైకే కనిపించింది. అది చెత్త అన్న సంగతి తెలియక ఎవరూ ముట్టలేదు. ముట్టినా పూర్తిగా పోయేది కాదు, ఎందుకంటే వీడియోలలో ఒకదాని పేరు "కాంతి అనగా నేమి?". ఆ ప్రశ్నార్థకము విండోస్‌కు పడదు. ఇక లైనక్స్ వ్రాయటానికి నిరాకరించినది, ముందునాడు ఆఫీసులో డిస్కు తగిలి ఉండగానే విండోస్ యంత్రాన్ని ఆపినందువలన. డిస్కును మళ్ళీ విండోస్‌కు తగిలించి, పద్ధతి ప్రకారము విడదీసి, లైనక్స్‌కు తెచ్చి బుట్టను ఖాళీ చేస్తే పని రెండు నిమిషాలలో అయిపోతుంది. పట్టికలో చోటు పెరుగుతుంది. ఆ గళ్ళలో పాత పాఠాలు మాత్రము, వాటిమీద కొత్తవి వచ్చి పడేదాకా, ఉన్నచోటనే ఉంటాయి.